మా అత్తగారి పచ్చి పొట్లం

మా అత్తగారు పెంగ్‌సీకి కళ్ళు అంతంత మాత్రం. సూదిలో దారం ఎక్కించాలంటే ఎవరో ఒకరిని కేకెయ్యాల్సిందే. ముక్కు మాత్రం అలాంటిలాంటి ముక్కు కాదు. రాత్రంతా వాన కురిసి, పొద్దున్నే ఎండ చురుక్కుమంటే ఆవిడ మెట్ల మీద నిలబడి గాలి పీల్చి, "తూర్పు మిట్ట మీద విచ్చుకున్నాయి" అంటుంది. తూర్పు మిట్టంటే వరిచేలు దాటాలి, వాగు దాటాలి, ఆ పైన అడవి. అక్కడ చెదపుట్ట మీద పుట్టగొడుగు విచ్చుకుంటే ఇక్కడ మెట్ల మీద ఈవిడకి వాసనేమిటని మీరడగొచ్చు. నేనూ అడిగాను. అడిగి, ఖాళీ బుట్ట మోసుకుంటూ వెనకాల వెళ్ళి, నిండు బుట్టతో నోరు మూసుకుని తిరిగొచ్చాను.

నాది మూన్ నది ఒడ్డున ఊరు. చేపల సంగతి అడగండి, పొద్దుగూకేదాకా చెబుతాను. అడవి సంగతి బొత్తిగా తెలీదు. పెళ్ళయ్యాక, మా వైపు అందరు మగాళ్ళలాగే నేనూ చాపా చెంబూ చంకన పెట్టుకుని అత్తారింటికి కాపరానికొచ్చాను. ఈ ఊళ్ళో కొత్తల్లుడి విలువ తేల్చేది వానాకాలం. దుక్కి దున్నగలడా అని ముందు చూస్తారు, పుట్టగొడుగు కనిపెట్టగలడా అని తరవాత చూస్తారు. దుక్కిలో ఎలాగో గట్టెక్కాను. రెండోదాన్లో మా అత్తగారి చేతికి చిక్కాను.

మొదటిసారి అడవికి వెళ్ళిన రోజు నడుముకి కత్తి కట్టుకుని బయల్దేరితే మెట్ల దగ్గరే ఆపింది.

"అదెందుకు?"

"కొయ్యడానికత్తా."

"ఇనుము తగిలితే పుట్ట అలుగుతుంది. వచ్చే ఏడు ఒక్కటి మొలవదు. తీసి అక్కడ పెట్టు."

నా చేతికో వెదురుపుల్ల ఇచ్చింది. పుల్లతో మొదట్లో మట్టి కదిపి, గొడుగుని వేళ్ళతో మెల్లగా పైకి లాగాలి, దాని పొడుగాటి కాలు తెగకూడదు. కనబడిన వెంటనే కేకలు పెట్టకూడదు. ఊరికే చతికిలబడి, చూడనట్టే చూడాలి. ఇన్ని నియమాలు తలలో పెట్టుకుని నేను నేల వంక చూస్తూ నడుస్తున్నాను. వెనక నుంచి అత్తగారి గొంతు వినబడింది.

"ఆగు. కాలు తియ్యి."

తీశాను. పాదం కింద ఆరేడు గొడుగులు పచ్చడయ్యి ఉన్నాయి.

"ఏం అల్లుడూ, కళ్ళు అద్దెకి తెచ్చుకున్నావా? గడువు అయిపోయినట్టుంది" అంది.

ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. ఇప్పటికీ నాకు కళ్ళజోడు మార్చాల్సి వస్తే అద్దె కట్టావా అని అడిగేవాళ్ళున్నారు.

ఆవిడ దగ్గర నేర్చుకున్నదేమిటంటే, అడవిలో ఏది తినాలన్నది కళ్ళు చెప్పే సంగతి కాదు. గుడ్డు పెంకులాంటి తెల్ల తొడుగు చీల్చుకుని సొన రంగులో ఒక గొడుగు వస్తుంది. దాని సొంత చెల్లెలిలా ఉండే తెల్లది మనిషిని కాటికి పంపిస్తుంది. పక్కింటి కేసోన్ లాంటివాళ్ళు కుండలో గొడుగులతో పాటు గుప్పెడు బియ్యం వేసి ఉడకబెడతారు. బియ్యం రంగు మారకపోతే తినొచ్చని వాళ్ళ లెక్క. మా అత్తగారికి అది వింటేనే ఒళ్ళు మంట. "బియ్యానికి బుద్ధుంటే పొలంలోనే ఉండేది, మన కుండలోకెందుకొస్తుంది? మా అమ్మ తిన్నవి నేను తింటాను. మా అమ్మ తినలేదంటే దానికేదో కారణం ఉంటుంది. ఆ కారణం తెలుసుకోవాలని నాకు సరదా లేదు" అంటుంది.

ఇక వంట. సొన రంగు గొడుగుల్ని యానాంగ్ అనే తీగ ఆకు పసరులో, చింతచిగురుతో పలచగా పులుసు కాస్తుంది. తొలకరికి నేలలో దొరికే నల్లగుండు పుట్టగొడుగుల్ని కాస్త ఉప్పేసి ఉడికిస్తుంది. కొరికితే పటుక్కుమని పేలి లోపలి రసం నాలుక మీద పడుతుంది. నాలుగు వానలు పడ్డాక వాటి తోలు మొద్దుబారిపోతుంది, ఇక వాటి జోలికి పోదు. ఎండిన మొద్దుల్ని పట్టుకుని చెక్కలా పెరిగేవాటిని ముక్కలు చేసి ఎండబెట్టి, జ్వరం పడి లేచి అన్నం సయించని వాళ్ళకి కషాయం కాచి ఇస్తుంది. ఆ చేదుకి భయపడే సగం మంది అన్నం తినేస్తారని నా అనుమానం. బంతిలా ఉండి, ఎండితే లోపలంతా పొడయ్యే రకాన్ని డబ్బాలో దాచి గాయాల మీద అద్దుతుంది. అన్నిటికంటే గొప్పది పుట్ట మీద మొలిచేదే. దాన్ని నిలువునా చీల్చి, మిరపకాయ, చిన్నుల్లి, నిమ్మగడ్డి కలిపి దంచిన ముద్ద పట్టించి, పాడేక్ అనే ఊరేసిన చేపనీళ్ళు రెండు చుక్కలు చిలకరించి, సన్నతులసి ఆకు వేసి, అరిటాకులో మడిచి నిప్పుల మీద పెడుతుంది. ఆకు మాడే వాసన వస్తే చాలు, జిగురన్నం బుట్ట పట్టుకుని ఎక్కడున్నవాళ్ళం అక్కడ చతికిలబడతాం.

ఆ పొట్లమంటే మా మామగారు కొంగ్‌మాకి ప్రాణం. నేను కాపరానికొచ్చిన రెండో ఏడే పోయాడాయన. బతికున్నన్నాళ్ళు అడవిలో ఒక్క పుట్టగొడుగు కూడా కనిపెట్టలేదని చెప్పుకుంటారు, అందుకే నా మీద ఆయనకి అభిమానం. తిండి దగ్గర మాత్రం మహా పట్టుదల మనిషి. సొంత పొయ్యి మీద వండింది తప్ప ముట్టేవాడు కాదు. పెళ్ళిళ్ళకి కూడా నడుముకి తన అన్నం బుట్ట కట్టుకుని వెళ్ళేవాడట. పెళ్ళివాళ్ళు మొదట్లో నొచ్చుకున్నారు, తరవాత ఒక విస్తరి మిగిలిందని సంతోషించారు.

అటువంటి మనిషికి ఏటా పొట్లాల అమావాస్యనాడు ఏం పెట్టాలో ఆలోచించనక్కర్లేదు. ఆ రోజు తెల్లవారకముందే ఊరంతా గుడి ప్రహరీ చుట్టూ పోయినవాళ్ళ కోసం అరిటాకు పొట్లాలు పెడతారు. అన్నం, చేప, అరటిపండు, తమలపాకులు, పొగచుట్ట, ఎవరికిష్టమైనవి వాళ్ళకి. మా అత్తగారు పుట్టగొడుగు పొట్లం పెడుతుంది. మామగారు పోయినప్పట్నుంచి ఒక్క ఏడూ తప్పలేదు. పొద్దుపొడిచాక వెళ్ళి చూస్తే పొట్లాలన్నీ విప్పి ఉంటాయి. పెద్దలు కుక్కల రూపంలో, కాకుల రూపంలో వస్తారంటారు. కుక్కలు కుక్కల రూపంలోనే వస్తాయని నాకు తెలుసు, అందరికీ తెలుసు. అయినా విప్పిన పొట్లం చూస్తే కడుపు నిండినట్టుంటుంది. ఆ మాట నేను ఒప్పుకుంటాను.

మా పెద్దమ్మాయి పుట్టిన ఏడు ఈ లెక్కంతా తారుమారయింది. మా ఆవిడ ఒరతై అమావాస్యకి కాస్త ముందర నీళ్ళాడింది. పసరు మందులిచ్చే ఉన్ తాత వచ్చి ఇంట్లో నిప్పుమంచం వేయించాడు. వెదురు మంచం, దాని పక్కనే పగలూ రాత్రీ ఆరని నిప్పు. బాలింత ఒళ్ళు కాచుకుంటూ, మరిగిన వేరునీళ్ళు తాగుతూ, కాల్చిన జిగురన్నం ఉప్పుతో తింటూ, తాత దిగమనేదాకా దాని మీదే ఉండాలి. నా పనల్లా కట్టెలు కొట్టడం. తాత మంచం చుట్టూ తిరిగి పథ్యం చెప్పాడు.

"ఎర్ర గేదె మాంసం కూడదు. గుమ్మడికాయ కూడదు. పుట్టగొడుగు అసలే కూడదు. తినడం కాదు, వాసన తగిలినా బాలింతకి పొత్తికడుపు పట్టేస్తుంది, పాలు ఎండిపోతాయి. పుట్టగొడుగన్నది ఈ మెట్లెక్కకూడదు."

"నాకు తెలుసులే పెద్దయ్యా" అంది అత్తగారు.

తెలియకేం. ఊళ్ళో ఆ పథ్యానికి కాపలాదారే ఆవిడ. ఒకప్పుడు సందు చివర పిల్ల నిప్పుమంచం మీదుంటే, గాలివాటున కేసోన్ పుట్టగొడుగులు వేయిస్తోందని తెలిసి నీళ్ళ బిందెతో వెళ్ళి పొయ్యి ఆర్పేసి వచ్చింది. కేసోన్ ఆ సంగతి మరిచిపోలేదు. ఈసారి మా ఇంటి ముందు నుంచి వెళ్తూ, "వదినా, మా ఇంట్లో నీళ్ళ బిందె నిండుగా ఉంది, అవసరమైతే కేకెయ్యి" అని నవ్వింది.

ఖర్మ కాకపోతే ఆ ఏడే అడవి విరగబడి కాసింది. ముసలివాళ్ళు కూడా అలాంటి వానాకాలం చూడలేదన్నారు. రాత్రి వాన, పగలు ఎండ, మళ్ళీ వాన. మా అత్తగారు మెట్ల మీద నిలబడి గాలి పీలుస్తూ, "మిట్ట మీద, వాగు పక్కన, పెద్ద పుట్ట వెనకాల" అని ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ కుమిలిపోయేది. ఆగలేక అడవికి వెళ్ళేది. బుట్ట నింపేది. ఊరి మొదట్లోనే ఎదురైనవాళ్ళందరికీ పంచేసేది, ఖాళీ బుట్ట చెరువు గట్టున చెట్టుకి తగిలించి, తలారా స్నానం చేసి, ఒంటి మీది గుడ్డ అక్కడే ఉతికి, వేరేది కట్టుకుని ఇల్లెక్కేది. ఊరికి పండగ. మా ఇంట్లో ఉప్పన్నం.

నేను పథ్యంలో లేను కదా, నాకెందుకీ శిక్ష అని మీకూ అనిపించాలి. ఒకనాడు ఆగలేక కేసోన్ ఇంట్లో తిన్నాను. నోరు పుక్కిలించాను, జామాకులు నమిలాను, చెరువులో మూడు మునకలేశాను. మెట్టు మీద కాలు పెట్టానో లేదో పైనుంచి గొంతు వచ్చింది.

"అక్కడే ఆగు."

"ఏంటత్తా?"

"కేసోన్ తులసాకు ఎక్కువేసింది. ఉప్పు తక్కువ. అవునా?"

"ఉప్పు తక్కువని కూడా వాసనొస్తుందా?"

"దానికి ముక్కెందుకు? కేసోన్ వంటలో ఉప్పు ఎప్పుడు సరిపోయింది గనక. వెళ్ళు, ఇవాళ ఇంటి గుంజల కింద గేదె పక్కన పడుకో."

పై నుంచి ఒరతై గొంతు సన్నగా వినిపించింది. "ఏమయ్యా, ఎలా ఉంది? మెత్తగా ఉడికిందా, కొంచెం నములుడు మిగిలిందా? చెప్పు. వినడానికి పథ్యం లేదుగా."

పచ్చి బాలింత, ఉప్పన్నం తిని తిని నాలుక చచ్చిపోయిన మనిషి. నేను కింద నిలబడి మొదటి ముద్ద నుంచి చివరిదాకా వర్ణించాను. మా అత్తగారు వద్దనలేదు.

ఆ వారమే కట్టెలు కొడుతూ కాలి మీద గొడ్డలి వేసుకున్నాను. మరీ లోతు కాదు గానీ నెత్తురు ఆగలేదు. అత్తగారు డబ్బా తీసుకుని దిగింది, మూత తియ్యబోయి ఆగింది. అందులో ఉన్నది పుట్టగొడుగు పొడే. నన్ను నెత్తురోడుతూ కూర్చోబెట్టి ఉన్ తాతకి కబురు పంపింది. ఆయన తీరిగ్గా వచ్చి, డబ్బా వాసన చూసి, కళ్ళు మూసుకుని ఆలోచించి, "ఇది పుట్టగొడుగు కాదు, మందు. అద్దు" అని తీర్పు చెప్పాడు. ఆ పొడి ఒక్క చిటికెడు పడేసరికి నెత్తురు కట్టింది. కానీ తాత వచ్చేలోపు నేను పడ్డ బాధ మాత్రం ఏ పొడికీ పోలేదు.

అమావాస్య దగ్గర పడేకొద్దీ అత్తగారి నవ్వు తగ్గింది. మామగారి పొట్లం సంగతేమిటి? ఇంటి పొయ్యి మీద కాలిస్తే వాసన కూతురికి తగులుతుంది. పొలంలో గుడిసె పొయ్యి వాననీళ్ళలో మునిగి ఉంది. ఇంకొకరి పొయ్యి మీద కాలిస్తే ఆయన ముట్టడు. ఒక సాయంత్రం అత్తగారు చెరువు గట్టున బట్టలు ఉతుక్కుంటుంటే కేసోన్ వచ్చి పక్కన కూర్చుంది. ఈసారి వేళాకోళం లేదు.

"వదినా, నా పొయ్యి ఉందిగా. నువ్వే వచ్చి కాల్చుకో. నేను బయట కూర్చుంటాను, నీ దినుసులు కూడా చూడను."

"నీ మంచి మనసు నాకు తెలుసే. ఆయన సంగతే నీకు తెలీదు. పెళ్ళికి అన్నం బుట్ట కట్టుకుని పోయిన మనిషి."

"పోయినవాళ్ళకి ఇంకా అంత పట్టింపు ఉంటుందా?"

"బతికుండగా లేని బుద్ధి పోతే వస్తుందా?" అంది అత్తగారు. కేసోన్ నవ్వింది గానీ, అత్తగారు గుడ్డ పిండుతూనే ఉంది. ఎంత పిండినా చాలడం లేదు.

చివరికి ఆవిడకో ఉపాయం తట్టింది. అమావాస్య ముందు రోజు సాయంత్రం నన్ను చెరువు గట్టుకి రమ్మంది. అరిటాకు పరిచి, అప్పుడే తెచ్చిన పుట్టగొడుగులు పచ్చివే పేర్చింది. దంచిన కారం ముద్ద ఒక చిన్నాకులో, ఉప్పు ఒకదాన్లో, పాడేక్ వెదురు గొట్టంలో. తులసి రెమ్మ. తరవాత కొంగు విప్పి నాలుగు బొగ్గులు తీసింది.

"ఇవెక్కడివత్తా?"

"మన పొయ్యిలోవే. ఆయన పొయ్యి కాదనడానికి వీల్లేదు." వాటి పక్కన అగ్గిపెట్టె పెట్టింది. "పొయ్యి రాజెయ్యడం ఏనాడూ నేర్చుకోలేదు. అక్కడేం పనుంది గనక, ఇప్పుడు నేర్చుకుంటాడు."

నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వింది. ఆ సాయంత్రం మేమిద్దరం చాలా తెలివైనవాళ్ళమనుకున్నాం.

కోడి కూసే వేళకి గుడి ప్రహరీ పక్కన కూర్చుని పొట్లం కింద పెట్టి, మామూలుగా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది. "ఏమయ్యా, పచ్చివే తెచ్చాను. అమ్మాయి నిప్పుమంచం మీదుంది. ఈసారికి నువ్వే కాల్చుకో. ఆకు తడిపి మరీ చుట్టు, లేకపోతే మాడుతుంది. ఉప్పు పక్కనుంది, చెయ్యి జారనివ్వకు."

పొద్దుపొడిచాక అందరూ చూడ్డానికి వెళ్ళారు. ప్రహరీ పొడుగునా ఆకులు విప్పి, చీలికలై, అన్నం మెతుకులు చెల్లాచెదురై ఉన్నాయి. ఉన్ తాత వాళ్ళావిడకి పెట్టిన చేప ముల్లు కూడా మిగల్లేదు. మా పొట్లం ఎలా పెట్టామో అలాగే ఉంది. కట్టిన నార కూడా చెదరలేదు. పొట్లం మీద ఒక కుక్క మాత్రం కాలెత్తి పోయినట్టుంది.

ఎవరో వెనక నుంచి, "కొంగ్‌మా తిప్పి పంపించాడే" అన్నారు. నలుగురు నవ్వారు. ఏటా అక్కడ ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ నవ్వే నవ్వే. మా అత్తగారు కూడా తిరిగి ఏదో అంటుందని చూశారు. ఆవిడ మాత్రం, పెట్టింది తిరిగి ఇంటికి తీసుకుపోకూడదు గనక అక్కడే గొయ్యి తీసి పూడ్చి, చేతులు దులుపుకుని ఇంటికి నడిచింది.

ఆ తరవాత ఆవిడ అడవికి వెళ్ళలేదు. పొద్దున్నే మెట్ల మీద నిలబడ్డమూ మానేసింది. మనవరాలికి స్నానం పోసేది, నిప్పు ఎగదోసేది, ఒక మూల కూర్చునేది. మిట్ట మీద గొడుగులు విచ్చుకుని, నల్లబడి, పురుగు పట్టి నేల కలుస్తుంటాయని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆవిడ ముందు నడవకపోతే ఎవరికీ ఆ పుట్టల దారి తెలీదు. నాకు భయం వేసింది. గేదె పక్కన పడుకోమన్నా బాగుండుననిపించింది.

ఒకనాడు ధైర్యం చేసి అన్నాను. "అత్తా, కుక్కలు పచ్చి పుట్టగొడుగులు తినవు. పాడేక్ గొట్టానికి బిరడా కూడా పెట్టాం. అందుకే ముట్టలేదు."

"కుక్కల సంగతి నాకు తెలీదా అల్లుడూ?" అంది నెమ్మదిగా. "మీ మామ సంగతి చెప్పు. జీవితంలో నేను వండి పెట్టకుండా ఒక్క పూట తినని మనిషి. ఆకలితో వచ్చుంటాడు. వస్తే నేను అగ్గిపెట్టె ఇచ్చాను. ఎంత పొగరు నాకు."

కట్టెలు లోపల పెట్టే నెపంతో వెళ్ళి ఒరతైకి అంతా చెప్పాను. పచ్చి పొట్లం సంగతి, బొగ్గుల సంగతి, తిప్పి పంపించాడన్న మాట సంగతి. అప్పటిదాకా ఆవిడకి ఎవరూ చెప్పలేదు, బాలింతకి చెప్పే కబుర్లు కావని. నిప్పు వెలుగులో చంటిదాని కాళ్ళు సవరించి, వాళ్ళమ్మని పిలిచింది.

"అమ్మా, ఇటు కూర్చో. ఒక్కటడుగుతాను. నాన్న పొట్లం విప్పాక మొదటి ముద్ద ఏం చేసేవాడు?"

"ఏం చేసేవాడు? ఊదేవాడు."

"ఊది?"

అత్తగారు నిప్పు ఎగదోసింది.

"ఊది నా నోట్లో పెట్టేవాడు" అంది ఒరతై. "పెళ్ళయ్యాక కూడా పెట్టాడు, ఈయన ఎదురుగానే. నేను సిగ్గుపడితే నువ్వే తిట్టావు, నాన్న పెడుతుంటే నోరు తెరవడానికేమే అని. నేనింట్లో లేకపోతే వచ్చేదాకా ఆకు మడిచి పెట్టుకునేవాడు. నాకు పెట్టకుండా నాన్న ఏనాడైనా తిన్నాడా?"

"లేదు."

"మరి నేను పథ్యంలో ఉంటే ఒక్కడూ కూర్చుని తింటాడా? అలగలేదమ్మా ఆయన. నాతో పాటు పథ్యం చేస్తున్నాడు."

మా అత్తగారు ఏడవడం నేను మామగారు పోయినప్పుడు కూడా సరిగ్గా చూడలేదు. ఆ రోజు చూశాను. ముక్కు చీదుకుంటూ, కొంగుతో తుడుచుకుంటూ, మధ్యలోనే తిట్లు కూడా అందుకుంది. "మొండి మనిషి. కల్లోకొచ్చి ఒక్క మాట చెప్పొచ్చుగా. ఇన్ని రోజులు నన్ను మూల కూర్చోబెట్టాడు." ఆ తిట్లు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఉన్ తాత ఇంటికెళ్ళింది. అమావాస్యకి వచ్చిన పెద్దలు పున్నమి దాకా ఊళ్ళోనే తిరుగుతారు, పున్నమి పొట్లాలు తిని గానీ వెళ్ళరు. ఆవిడకి కావలసింది ఆ గడువు.

"పెద్దయ్యా, పున్నమికి అమ్మాయిని నిప్పు దించుతావా, లేదా?"

"అది ఒంటిని బట్టి చెప్పాలి పెంగ్‌సీ."

"వచ్చి చూడు మరి. ఒళ్ళు చూడు, పాలు చూడు, నాలిక చూడు. దించగూడదంటే దించొద్దు, నేను పైయేడు దాకా ఆగుతాను. ఆయనా ఆగుతాడు, నాకిప్పుడు బెంగ లేదు. కానీ దించొచ్చంటే మాత్రం నాన్చకు."

తాత వచ్చి చూశాడు. రెండు రోజులు పోనిచ్చి మళ్ళీ చూశాడు. పున్నమి ముందు రోజు ఒరతైకి వేరునీళ్ళతో చివరి స్నానం పోయించి నిప్పు దించాడు. పుట్టగొడుగు తినొచ్చా అని అడిగితే గడ్డం గోక్కుని, మొదట ఒక్క ముద్ద తిని, పూటంతా ఆగి, ఏమీ కాకపోతే మిగతాది తినమన్నాడు.

ఆ మధ్యాహ్నం అత్తగారు అడవి నుంచి వచ్చినప్పుడు చెరువు దగ్గర ఆగలేదు. తడి బట్టలతో, నిండు బుట్టతో తిన్నగా మెట్లెక్కేసింది. పొయ్యి రాజేసింది. ఆకు మాడిన వాసన ఇంటి పలకల సందుల్లోంచి సందంతా పాకింది. కేసోన్ పిలవకుండానే వచ్చి, చేతిలో ఖాళీ బిందె చూపించి, "ఆర్పమంటావా వదినా" అంటూ పొయ్యి పక్కన చోటు చేసుకుని కూర్చుంది. నేను అప్పటికే అన్నం బుట్ట మూత తీసి ఉన్నాను. ఎవరూ ముట్టలేదు.

మా అత్తగారు పొట్లం విప్పి, మూడు వేళ్ళతో ఒక ముద్ద తీసి, ఊది, ఒరతై నోట్లో పెట్టింది. ఒరతై కళ్ళు మూసుకుని నమిలింది. ఎలా ఉందని ఎవరూ అడగలేదు. ఆ తరవాత రెండో పొట్లం, విప్పకుండా, మామగారి కోసం పక్కన పెట్టింది.

పున్నమి పొట్లాలు భిక్షువుల భోజనాలయ్యాక, ఎండ ఉండగా పెడతారు. మర్నాడు ఒరతై కడుపులో ఏ ఇబ్బందీ లేదని తేల్చుకున్నాకే అత్తగారు గుడికి బయల్దేరింది. ప్రహరీ పక్కన అదే చోట పొట్లం పెట్టి, "అమ్మాయి తింది. నువ్వూ తిను" అంది. ఈసారి ఉప్పు గురించి ఏమీ చెప్పలేదు.

వెనక్కి వస్తుంటే కేసోన్ అడిగింది. "కాసేపాగి చూడవా వదినా, విప్పాడో లేదో?"

"ఎందుకే చూడ్డం?" అంది మా అత్తగారు, నడక ఆపకుండా. "కూతురు తిన్నాక ఇంక ఆయన ఆగుతాడా?"